అరవై మూడో నంబరు టోకెను

ఆ శనివారం పోయినవన్నీ లెక్క వేస్తే ఇంత: అరవై మూడు అని అంకె చెక్కిన ఇత్తడి టోకెను ఒకటి. ఒక అమ్మాయి ఉద్యోగం ఖాయం కావలసిన తేదీ మీద మూడు నెలలు. మా హెడ్ క్యాషియర్ గారి మధ్యాహ్నపు కునుకు, నాలుగు వారాలపాటు. గుడి ముందు విడిచిన ఆడవాళ్ళ చెప్పులు ఒక జత. ముడుపులో పదకొండు రూపాయలు కూడా వెళ్ళాయి గానీ వాటిని పోయిన పద్దులో రాయకూడదు, అవి చెల్లిన పద్దు. ఇంత నష్టానికి ఎదురుగా, రాబడి పక్కన రాయదగ్గది రెండెకరాల చెరుకు.

ఈ మధ్య మా వీధి పిల్లలు ఇద్దరు బ్యాంకులో శిక్షణకు పోతున్నామని చెప్పడానికి వచ్చారు. మీ శిక్షణలో మీరు ఏం నేర్చుకున్నారు అని అడిగారు. నోటితో చెప్పబోతే సగంలో బస్సు వేళైందని లేచిపోయారు. అందుకని రాస్తున్నాను.

నేను బడి చదువు తొమ్మిదో తరగతితో ఆపేసినవాణ్ణి. చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తాగా చేరి దిమ్మెల తూకం, కమీషను, హమాలీ, రైతు బాకీ అన్నీ నోటితోనే కట్టడం నాకు నేనే నేర్చుకున్నాను. తర్వాత ప్రైవేటుగా పరీక్షలు కట్టి, ముప్పై దాటాక సాయంత్రం కాలేజీలో బి.కాం.లో చేరాను. ఆఖరి సంవత్సరం వేసవిలో కాలేజీవాళ్ళు మాలో ముగ్గుర్ని తిరుపతిలోని ఒక పెద్ద బ్యాంకు శాఖకు ఆరు వారాలు పంపించారు. మిగతా ఇద్దరికీ ఇరవై నిండలేదు. జీతం ఏమీ ఉండదు. సెలవు అడిగితే మా మండీ యజమాని కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశాడు.

"జీతమిచ్చే సోట పని ఇడిసిపెట్టి, జీతమియ్యని సోట పని సేస్తావా? ఇదేం లెక్కప్పా?"

మళ్ళీ ఆయనే, "సరే పో. ఆడ వడ్డీ ఎట్ల కడతారో సూసుకోని రా" అన్నాడు.

చంద్రగిరిలో మా మేనత్త ఇంట్లో దిగి రోజూ బస్సులో తిరుపతికి పోయేవాణ్ణి. మొదటి రోజు తెల్ల చొక్కా, తెల్ల పంచె, చేతిలో గొడుగు, చంకలో సంచీ. నెత్తిన అప్పటికే నాలుగు తెల్ల వెంట్రుకలు. నా వెనక ఇద్దరు కుర్రవాళ్ళు. నేను లోపల కాలు పెట్టగానే ముందు బల్ల గుమాస్తా లేచి నిలబడ్డాడు. ఇంకొకాయన కుర్చీ జరిపాడు. కాఫీ వచ్చింది. కుర్రవాళ్ళిద్దరూ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. సగం కాఫీ తాగాక నేను తనిఖీకి వచ్చిన అధికారిని కాదనీ, శిక్షణకు వచ్చిన విద్యార్థిననీ బయటపడింది. వల పంజరంలాంటి క్యాషు గదిలోంచి ఒక సన్నపాటి పెద్దమనిషి తల బయటపెట్టి, "సగం తాగేసినాడు గదా, మిగతాది గూడా తాగనీండి. కప్పు మాత్రం ఆయన్నే కడగమను" అన్నాడు. ఆయనే హెడ్ క్యాషియర్. ఉద్యోగ విరమణకు అప్పటికి ఏడెనిమిది నెలలుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక కుర్చీలో కూర్చునే పావుగంట నిద్రపోయేవాడు. ఆ పావుగంటలో బ్యాంకు దోచుకుపోయినా నన్ను లేపొద్దు అనేవాడు.

నన్ను డబ్బు చెల్లించే కిటికీ దగ్గర, అక్కడ పనిచేసే అమ్మాయి పక్కన వేశారు. ఇరవై మూడేళ్ళుంటాయి. నగరిలో నేత నేసే ఇంటి పిల్ల. ఆ శాఖలో క్యాషు కిటికీలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమే. ఆరు నెలల ప్రొబేషనులో ఐదో నెల నడుస్తోంది. కొందరు ఆమె చేతి నోట్లు తీసుకుని నేరుగా ఆఫీసరు బల్ల దగ్గరికి పోయి, "సార్, ఆ పాప లెక్కబెట్టినాది, ఒగసారి మీరు గూడా సూడండి" అని అడిగేవాళ్ళు. ఆమె వినపడనట్టే ఉండేది. హాలు గోలలో లెక్క తప్పదా అని నేనడిగితే, "నాలుగు మగ్గాల మధ్యన ఎక్కాలు చదువుకున్నాను అన్నా. ఈ గోల ఒక గోలా?" అంది.

మండీలో పదిహేనేళ్ళు లెక్కలు చూసినవాణ్ణి కదా అని నాకు కొంచెం మిడిసిపాటు ఉండేది. అది రెండు రోజుల్లో దిగింది. నేను వేలు నాలుకకు తడి చేసుకుని నోట్లు లెక్కపెట్టబోతే ఆమె స్పాంజి గిన్నె నా ముందుకు జరిపింది. "ఆ నోటు ఎన్ని చేతులు తిరిగి వచ్చిందో మీకు తెలుసా అన్నా?" తర్వాత కట్టలు లెక్కపెట్టమంది. మండీలో ఏది లెక్కపెట్టినా మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ అలవాటున నేను పైకే "లాభం, రెండు, మూడు" అనుకుంటూ పోతున్నాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"లాభం ఎంతో బ్యాంకులో ఏడాది చివర్న గానీ తెలీదన్నా. ఇప్పుడు ఒకటి అనండి."

హెడ్ క్యాషియర్ పక్కనుంచి నవ్వాడు. ఆ నవ్వుకు నేనే కారణమైనా నాకూ నవ్వొచ్చింది.

టోకెను సంగతి మీకు చెప్పాలి, ఇప్పుడు చాలాచోట్ల ఆ పద్ధతి తగ్గుతోంది. డబ్బు తీసుకునేవాళ్ళు స్లిప్పు ఇస్తే దాని మీద ఒక నంబరు వేసి, అదే నంబరున్న ఇత్తడి బిళ్ళ చేతికిస్తారు. స్లిప్పు ఖాతా పుస్తకం దగ్గరికి, అక్కణ్ణుంచి ఆఫీసరు దగ్గరికి పోయి, చివరికి కిటికీలో అమ్మాయి దగ్గరికి చేరుతుంది. ఆమె నంబరు పిలుస్తుంది. బిళ్ళ తీసుకుని, "ఎంత?" అని అడిగి, చెప్పిన అంకె సరిపోతే డబ్బిస్తుంది. సాయంత్రానికి బిళ్ళలన్నీ చెక్క పలక మీద వాటి వాటి మేకులకు వేలాడాలి. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా క్యాషు గది తాళం పడదు.

స్లిప్పు ఇంత దూరం నడిచి రావడానికి గంట, ఒక్కోసారి రెండు గంటలు పట్టేది. ఎవరైనా విసుక్కుంటే హెడ్ క్యాషియర్ ఒకటే మాట అనేవాడు. "ఇంకా శానా సేపు పడతాది. ఈలోగా గుడికి పోయి దణ్ణం పెట్టుకోని రాపో." ఊళ్ళో పెద్ద గుడి నాలుగడుగుల్లో ఉంది కాబట్టి నిజంగానే పోయివచ్చేవాళ్ళు ఉండేవాళ్ళు.

ఇక ఆ శనివారం. శనివారాలు పన్నెండు వరకే లావాదేవీలు. ఆదివారం ఎటూ లేదు, సోమవారం కూడా ఏదో సెలవు. అంటే మళ్ళీ డబ్బు కళ్ళజూసేది మంగళవారమే. మేనేజరు గారు ఆ రోజు పల్లెల్లో అప్పుల వసూలుకు పోయారు. హాలంతా జనం. తలుపు తెరవగానే వచ్చినవాళ్ళలో చంద్రగిరి అవతలి పల్లె నుంచి వచ్చిన రైతు ఇల్లాలు ఒకామె ఉంది. నలభై ఉంటాయి. ఆమెకు రాయడం రాదు కాబట్టి స్లిప్పు నేను నింపాను.

"ఎంతమ్మా?"

"ఎనిమిదినూర్ల నలభై. పాలమ్మిన దుడ్డు సామీ, మూడేండ్లది."

ఎందుకని నేను అడగలేదు, ఆమే చెప్పింది. బావి మీది ఆయిల్ ఇంజను ఆగిపోయింది. తిరుపతిలో మెకానిక్ షాపుకు తెచ్చారు. బాగైంది గానీ మొత్తం డబ్బు చేతిలో పెడితే గానీ అతను ఇంజను ఎత్తనివ్వడు. "చెరుకు నీళ్ళు తాగి పద్దెనిమిది దినాలాయ. ఆకు సుట్టుకుంటాండాది. మా ఇంటాయన ఆడ బాడుగ ట్రాక్టరు పెట్టుకోని నిలబడుండాడు. ఈపొద్దు ఇంజను దిగితే బతికినట్టు."

వేలిముద్ర ఖాతాలకు ఆఫీసరు ఫొటో సరిచూడాలి, సాక్షి సంతకం పెట్టాలి. అందుకని ఆమె స్లిప్పు మిగతావాటికంటే మెల్లగా నడిచింది. పదిన్నరకు కిటికీ దగ్గరికి వచ్చి ఇంకెంతసేపని అడిగింది. హెడ్ క్యాషియర్ తల ఎత్తకుండానే తన మాట తాను అన్నాడు. "గుడికి పోయి దణ్ణం పెట్టుకోని రాపో తల్లీ."

ఆమెకు గుడిలో పని ఉంది కూడా. ఇంజను ఆగిన రోజున పసుపు గుడ్డలో పదకొండు రూపాయలు ముడుపు కట్టి, బాగైతే చెల్లిస్తానని మొక్కుకుంది. అది కొంగున వేలాడుతూ ఉంది. చేతిలో ఉన్న టోకెను జనంలో జారిపోతుందేమోనని, దానికి మించిన భద్రమైన చోటు తోచక, ఆ పసుపు గుడ్డ మడతలోకే దోపింది. ఇదంతా తర్వాత ఆమే చెప్పింది.

ముడుపు ఎలా చెల్లిస్తారో మీకు తెలిసే ఉంటుంది. ఒకసారి కట్టినదాన్ని విప్పకూడదు. లెక్కపెట్టకూడదు. హుండీ ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, మూటను మూటగా వదిలేయాలి. మా కిటికీలో ప్రతి నోటూ రెండుసార్లు లెక్కపెట్టి మూడోసారి ఎదుటివాళ్ళతో లెక్కపెట్టించేవాళ్ళం. అక్కడికి నాలుగడుగుల దూరంలో లెక్కపెట్టడమే తప్పు. ఆమె ఆ రోజు రెండు చోట్లా పద్ధతి తప్పకుండా నడుచుకుంది. గొడవంతా అందుకే వచ్చింది.

పదకొండున్నరకు అమ్మాయి "అరవై మూడు!" అని పిలిచింది. ఎవరూ రాలేదు. రెండోసారి పిలిచేటప్పటికి ఆ రైతు ఇల్లాలు వట్టి కాళ్ళతో పరిగెత్తుకుంటూ వచ్చింది. గుడి ముందు విడిచిన చెప్పులు ఎవరో వేసుకుపోయారట. కిటికీ దగ్గర కొంగు ముడి వెతికింది, నడుము దగ్గర వెతికింది. చెయ్యి ఒక్కసారి ఆగిపోయింది.

"అయ్యో! దేవుడికేసేసినా!"

వెనకున్నవాళ్ళు కొందరు నవ్వారు. ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నవ్వులు ఆగాయి.

ఆఫీసరు వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఇంతకు ముందు శాఖలో ఏదో సంతకం విషయంలో చిక్కుకుని, అప్పటినుంచి ప్రతి కాగితాన్నీ వెలుతురుకు పెట్టి చూసే మనిషి. "టోకెను లేకుండా ఇయ్యను వీల్లేదమ్మా. బ్యాంకుకు తెలిసిన ఖాతాదారుడు జామీను రాయాల, మేనేజరు సంతకం పెట్టాల. ఆయన ఊళ్ళో లేరు. మంగళారం రాండి."

"మంగళారానికి ఆడ చెరుకుండదు సార్, కట్టెలుంటాయి."

అమ్మాయి అప్పటికే ఎనిమిది వందల నలభై లెక్కపెట్టి సొరుగు మీద పెట్టి ఉంది. "సార్, టోకెను పోయింది గానీ వేలు పోలేదు గదా. ఇంకోసారి ముద్ర వేయిద్దాం, పొద్దున వేసినదానితో సరిచూడండి. ఫొటో కూడా మీ ముందరే ఉంది. ఈమె డబ్బు ఈమెకు ఇవ్వడానికి ఇంకేం కావాలి?"

"రూలు."

"ఆ రూలు ఎందుకు పెట్టినారు సార్? ఒకరి డబ్బు ఇంకొకరికి పోకూడదనే గదా?"

"ఎందుకు పెట్టినారో నాకూ తెలీదు, నీకూ తెలీదు. తప్పితే ఏమౌతుందో మాత్రం ఇద్దరికీ తెలుసు. నీకింకా ప్రొబేషను తీరలేదు, గుర్తుండాదా?"

అమ్మాయి ముఖం ఎర్రబడింది. ఇంటికి ఆమె జీతం ఏమిటో నాకు తెలుసు. తండ్రికి కంటిచూపు తగ్గి మగ్గం దిగిపోయాడు. ఇంట్లో నలుగురు తినేది ఈ కిటికీ మీదే. శిక్షణకు వచ్చినవాడి మాటకు అక్కడ విలువ లేదు.

అప్పుడు హెడ్ క్యాషియర్ లేచాడు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వచ్చి కిటికీ పక్కన నిలబడ్డాడు.

"గుడికి పోయి రాపో అనింది నేను."

"మీరు అందరికీ అంటారు లెండి" అన్నాడు ఆఫీసరు.

"అంటా. ఈమె వినింది. తెలిసిన ఖాతాదారుడి జామీనే గదా కావాల్సింది? ముప్పై ఏండ్లుగా నా జీతం పడేది ఈ బ్యాంకులోనే. నాకన్నా తెలిసినోడు మీకు యాడ దొరుకుతాడబ్బా?" అని ఒక తెల్ల కాగితం మీద నిలబడి జామీను రాసి సంతకం చేశాడు.

ఇక మేనేజరు సంతకం ఒక్కటే లోటు. గోడ గడియారంలో పన్నెండుకు పది నిమిషాలుంది. ఆఫీసరు ఆ కాగితం చూశాడు, ఫ్యాను చూశాడు, నేల మీద కూర్చున్న ఆమెను చూశాడు. "నేను నీళ్ళు తాగొస్తా" అని లోపలికి పోయాడు. ఇవ్వమనలేదు, వద్దనలేదు.

అమ్మాయి సిరా దిమ్మె బయటికి జరిపింది. రెండోసారి వేలిముద్ర తీసుకుంది. పొద్దుటి ముద్రతో తానే సరిచూసింది. "ఎంత?" అని అడిగింది, అన్ని రోజుల్లాగే.

"ఎనిమిదినూర్ల నలభై తల్లీ."

స్లిప్పు మీద చెల్లించినట్టు ముద్ర కొట్టింది. ఆ ముద్ర చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది, మిగతా ముద్రలకంటే గట్టిగా ఏమీ లేదు. తర్వాత నావైపు తిరిగి, "అన్నా, షాపుదాకా తోడు పోండి, దారి నిండా జనం" అంది. పోయాను. ఎండకు రోడ్డు కాలుతుంటే ఆ ఇల్లాలు వట్టి కాళ్ళతో, నీడ పక్కకు కూడా తప్పుకోకుండా నడిచింది. మెకానిక్ డబ్బు లెక్కపెట్టుకున్నాడు. నలుగురు కలిసి ఇంజనును ట్రాక్టరు మీదికి ఎత్తారు. ఆమె భర్త చెయ్యి ఎత్తి నాకు దణ్ణం పెట్టాడు. నాకెందుకు పెడుతున్నాడో చెప్పేలోగా బండి కదిలిపోయింది.

సాయంత్రం పలక మీద అరవై మూడో మేకు ఖాళీ. పోయిన టోకెనుకు బదులు కొత్తది చెక్కించే ఖర్చు ఐదు రూపాయల ఇరవై ఐదు పైసలు ఖాతాదారు కడితే గానీ తాళం పడదు. ఖాతాదారు ట్రాక్టరు మీద పోయింది. అమ్మాయి తన సంచీలోంచి తీసి కట్టింది. రశీదు మాత్రం నిబంధన ప్రకారం ఆ రైతు ఇల్లాలి పేరనే రాశారు. దాన్ని అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

మంగళవారం మేనేజరు గారు వచ్చారు. అన్నీ విన్నారు. "నువ్వు చేసింది తప్పని నేననను. పైకి రాయకుండా ఉండనూ లేను" అన్నారు. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. ప్రొబేషను మూడు నెలలు పొడిగించారు. ఈ మూడు నెలల్లో ఇంకొక్క పొరపాటు జరిగితే ఉద్యోగం ఉండదని కింద ఒక వాక్యం. తప్పు నాదని హెడ్ క్యాషియర్ ఉత్తరం రాశాడు. స్లిప్పు మీద కొట్టిన ముద్ర మీది కాదు కదా అని తిరుగు జవాబు. ఆ కాగితం చదివి ఆయన మడత పెట్టుకున్నాడు.

ఆ గుడి హుండీల చిల్లర మా శాఖకే వచ్చేది. మూటలు మూటలుగా, పసుపు, కుంకుమ, బియ్యపు గింజలతో సహా. వెనక గదిలో గుడివాళ్ళ ఎదుట ఆ చిల్లర ఏరి లెక్కకట్టడం శిక్షణకు వచ్చిన మా ముగ్గురికి అప్పగించారు. కిటికీ లేని గది. దుమ్ము. మా కుర్రవాళ్ళిద్దరూ గంటకోసారి మంచినీళ్ళ పేరుతో పారిపోయేవాళ్ళు. నాణేల్లో గుండీలు, తాళంచెవులు, చెల్లని కాసులు, ఒకసారి పాలపన్ను కూడా దొరికాయి.

తిరుగు జవాబు రాకముందే, ఆ శనివారం తర్వాతి వారం నుంచే హెడ్ క్యాషియర్ మధ్యాహ్నం నిద్ర మానేశాడు. భోజనం కాగానే వచ్చి మా పక్కన నేల మీద కూర్చునేవాడు. "ఆడ ఉక్కపోతగా ఉండాది" అనేవాడు, అంతకు రెట్టింపు ఉక్కగా ఉన్న గదిలో. ఆయన ఏం వెతుకుతున్నాడో మేమూ అడగలేదు. గుప్పెడు గుప్పెడుగా బండ మీద జారవిడిచి చెవి పెట్టేవాడు.

నాలుగో వారం ఒక మధ్యాహ్నం ఆయన జారవిడిచిన గుప్పెట్లోంచి ఒకటి వేరే రకంగా మోగింది. ఆయన దాన్ని పంచె అంచుతో తుడిచాడు. చిల్లర గది తలుపు తీసుకుని, క్యాషు గదిలోకి పోకుండా హాలు చుట్టూ తిరిగి, డబ్బుకోసం నిలబడినవాళ్ళ వరుసలో చివర్న నిలబడ్డాడు. ముందున్న నలుగురూ తప్పుకుంటామన్నా కదల్లేదు. తన వంతు వచ్చాక కిటికీలో ఆ బిళ్ళ పెట్టాడు.

అమ్మాయి దాన్ని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తన మామూలు గొంతుతో హాలంతా వినపడేట్టు పిలిచింది.

"అరవై మూడు!"

"నేనే తల్లీ."

"ఎంత?"

"ఎనిమిదినూర్ల నలభై."

"ఇచ్చేసినాం. పోండి" అని, ముఖం పక్కకు తిప్పుకుంది.

టోకెను మేకుకు చేరింది గానీ మూడు నెలలు వెనక్కి రాలేదు. ఉత్తర్వు అప్పటికే పై ఆఫీసు ఫైలులో చేరిపోయింది. ఆ మూడు నెలలూ ఆమె ఒక్క పైసా తేడా లేకుండా పనిచేసి ఉద్యోగం ఖాయం చేసుకుంది. కానీ ఏటా జీతం పెరిగే తేదీ మూడు నెలలు వెనక పడింది. రిటైరయ్యేదాకా దానివల్ల ఎంత నష్టమో నేనొకసారి కాగితం మీద కట్టి చూపబోతే, "ఆ లెక్క నాకు చెప్పొద్దన్నా. మీరే పెట్టుకోండి" అంది. ఆ కాగితం నా దగ్గరే ఉంది. ఆమెకు చెప్పనిది మీకూ చెప్పను.

ఇంకొక చిన్న పద్దు మిగిలింది. పాత టోకెను దొరికింది, కొత్తది చెక్కించలేదు. కాబట్టి ఆ ఐదు రూపాయల ఇరవై ఐదు పైసలు తిరిగి ఇవ్వాలి. ఎవరికి? రశీదు ఎవరి పేర ఉంటే వాళ్ళకు.

శిక్షణ ముగిసి నేను మండీకి వచ్చేశాను. ఆ ఏడు చలికాలంలో ఒక తెల్లవారి బెల్లం బండ్లలోంచి ఎవరో, "బ్యాంకన్నా!" అని పిలిచారు. ఆమే, భర్తతో. వాళ్ళ బెల్లం తెచ్చారు. మంచి రంగు. మొదటి దిమ్మె తూకం మీద పెట్టి, "లాభం" అన్నాను, నిండు గొంతుతో. పని అయ్యాక ఆమెతో ఆ ఐదు రూపాయల పావలా సంగతి చెప్పాను. బ్యాంకు ఇస్తుంది, పోయి వేలిముద్ర వేసి తీసుకో అన్నాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది, నేనేదో నిప్పు అందిస్తున్నట్టు.

"దేవుడి హుండీలో పడిండేదానికి మళ్ళా దుడ్డు తీసుకుంటారా యాడన్నా? వద్దు సామీ. ఆ పాపకే ఈమను, కట్టింది ఆ పాపే గదా."

అమ్మాయికి ఉత్తరం రాశాను. రశీదు తన పేర లేదు కాబట్టి తాను తీసుకోకూడదని, రైతు ఇల్లాలు వేలిముద్ర వేసి తనకు ఇమ్మంటే తీసుకుంటానని జవాబు రాసింది. ఆ ఇల్లాలు మళ్ళీ బెల్లం తెచ్చినప్పుడు ఆమెకు ఆ మాట చెప్పాను.

"ముద్దర ఏస్తే నేను తీసుకున్నట్టే గదా?"

అవునన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను.

"మరి?" అంది.

ముద్ర వేయలేదు గానీ మూడు బెల్లం దిమ్మెలు నా ముందు పెట్టింది. "ఒగటి ఆ పాపకు. ఒగటి జామీను రాసిన పెద్దాయనకు. ఇది ఆపొద్దు నీళ్ళు తాగను పోయిన సారుకు." మూడూ తిరుపతికి మోసుకుపోయి ఇచ్చాను. ఆఫీసరు తన దిమ్మెను వెలుతురుకు పెట్టి చూశాడు.

హెడ్ క్యాషియర్ గారు రిటైరైన కొన్నేళ్ళకు పోయారు. అమ్మాయి ఆఫీసరై వేరే ఊళ్ళో ఉంది, ఆమె శాఖలో టోకెను పోగొట్టుకున్నవాళ్ళకు ఆ పూటే డబ్బు అందుతుందని విన్నాను. నాకు యాభై దాటింది. మండీ లెక్కలు ఇంకొకరికి అప్పగించాను. తిరుపతికి పోయినప్పుడల్లా ఆ శాఖలో ఆ మిగిలిన పద్దు గురించి అడుగుతాను. కిటికీలో కుర్రవాళ్ళు మారుతుంటారు, కొందరు విసుక్కుంటారు, ఒకరిద్దరు వెతికి చూపిస్తారు. ప్రతి ఆరు నెలలకూ ఆ పద్దును కొత్త పేజీకి ఎక్కిస్తూనే ఉన్నారు. దానికి వడ్డీ లేదు కాబట్టి అంకె మారలేదు. బ్యాంకు నేటికీ చెల్లించవలసి ఉన్నది: ఐదు రూపాయల ఇరవై ఐదు పైసలు.